పరాయి దేశంలో బయట తినడం, తాగడం: వేళ చూసుకోవడం నుంచి బిల్లు కట్టేదాకా

విదేశాల్లో తిండి దగ్గర పడే తిప్పల్లో రుచికి సంబంధించినవి తక్కువే. ఆకలేసిన వేళకి వంటగది కట్టేసి ఉంటుంది. అడగని రొట్టెకి బిల్లు పడుతుంది. మాంసం లేదన్న గిన్నెలో చేప రసం ఉంటుంది. వీటిలో చాలా వాటిని ఒక్క ప్రశ్నతో తప్పించుకోవచ్చు. కాకపోతే ఆ ప్రశ్న ప్లేటు బల్ల మీదికి వచ్చేలోపే అడగాలి.

1. ముందు గడియారం

హోటలు తలుపులు తెరిచి ఉన్నంత మాత్రాన వంట జరుగుతోందని కాదు. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం 2కి మొదలై 4 దాకా నడుస్తుంది. రాత్రి భోజనం 9 అయితేగాని ఊపందుకోదు. సాయంత్రం 6కి వెళితే బార్లలో చిరుతిళ్ళు తప్ప ఏమీ దొరకవు. ఫ్రాన్స్‌లో, ముఖ్యంగా చిన్న ఊళ్ళలో, మధ్యాహ్నం 12 నుంచి 2 లోపు కూర్చోవాలి. 2:15కి వెళితే మర్యాదగానే వెనక్కి పంపేస్తారు. జపాన్‌లో మూసే వేళ వేరు, ఆఖరి ఆర్డరు వేళ వేరు. బోర్డు మీద రాత్రి 10 అని ఉన్నా ఆర్డరు తీసుకోవడం 9:30కే ఆపేయవచ్చు. రంజాన్ నెలలో కువైట్‌లో పగటిపూట బహిరంగంగా తినడం, తాగడం చట్టరీత్యా నేరం. ఆ నిబంధన పర్యాటకులకీ వర్తిస్తుంది.

యూరప్‌లో ఆదివారం, సోమవారం మూసి ఉండే హోటళ్ళు చాలా ఉంటాయి. రాత్రి పొద్దుపోయి ఊళ్ళో దిగే రోజున హోటలు మీద ఆశ పెట్టుకోకుండా, బ్యాగులో ఒక పూటకి సరిపడా ఏదైనా ఉంచుకోవాలి. అయితే సరిహద్దు దాటేటప్పుడు ఆ పొట్లం సంగతి మర్చిపోకూడదు. న్యూజీలాండ్‌లో బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క ఆపిల్‌ని ఫారంలో చూపించకపోయినా అక్కడికక్కడే 400 న్యూజీలాండ్ డాలర్ల జరిమానా పడుతుంది.

ఖర్చు తగ్గించుకోవాలంటే పెద్ద భోజనాన్ని మధ్యాహ్నానికి మార్చుకోండి. స్పెయిన్‌లో పనిదినాల్లో దొరికే ‘మెనూ దెల్ దియా’లో మొదటి వంటకం, ప్రధాన వంటకం, రొట్టె, తాగడానికి ఒకటి, చివర తీపి గాని కాఫీ గాని, అన్నీ కలిపి ఒకే ధర ఉంటుంది. అదే వంటగదిలో రాత్రి విడివిడిగా తెప్పించుకుంటే చాలా ఎక్కువవుతుంది. ఫ్రాన్స్‌లో మధ్యాహ్నం ‘ఫార్ముల్’ పేరుతో ఉండే బోర్డూ ఇలాంటిదే.

2. చోటు ఎంచుకోవడం

చూడదగ్గ కట్టడానికి ఎదురుగా, ఆరు భాషల్లో బొమ్మలతో మెనూ పెట్టి, గుమ్మంలో మనిషిని నిలబెట్టి పిలిచే చోట వంట గొప్పగా ఉండాల్సిన అవసరం వాళ్ళకి లేదు. వచ్చినవాళ్ళు ఎలాగూ మళ్ళీ రారు. అక్కణ్ణుంచి రెండు మూడు వీధులు లోపలికి నడవండి. మెనూ పొట్టిగా ఉండటం మంచి గుర్తు. నలభై రకాలు రాసిన చిన్న వంటగదిలో సగానికి పైగా ఫ్రీజరులోంచే వస్తాయి.

శుభ్రత సంగతి కొన్ని దేశాలు తలుపు మీదే రాసి పెడతాయి. బ్రిటన్‌లో, స్కాట్లండ్ తప్ప మిగతాచోట్ల, ఆహార పరిశుభ్రతకు 0 నుంచి 5 దాకా మార్కులు వేసిన స్టిక్కర్ ఉంటుంది. వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో దాన్ని అందరికీ కనిపించేలా పెట్టడం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో మాత్రం అది యజమాని ఇష్టం. అంచేత అక్కడ స్టిక్కర్ కనిపించకపోతే ఆ హోటలు మార్కుల్ని ఇంటర్నెట్‌లో చూసుకోవడం మేలు. న్యూయార్క్‌లో 2010 నుంచి ఏ, బీ, సీ అక్షరాలు ఉన్నాయి.

3. మెనూ చదవడం

మెనూలో మాటలు తెలిసినట్టే ఉండి మోసం చేస్తాయి. ‘ఆంత్రే’ అంటే ఫ్రాన్స్‌లో భోజనానికి ముందు వచ్చే చిన్న వంటకం. అదే మాటని అమెరికాలో ‘ఆంట్రే’ అంటారు, అక్కడది ప్రధాన వంటకం. పారిస్‌లో ఒక్క ఆంత్రే చెప్పి ఊరుకుంటే అరకడుపుతో లేవాల్సి వస్తుంది.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు చేప దగ్గర జరుగుతుంది. చేప పక్కన 9 యూరోలు అని చూసి చవకే అనుకుంటాం. దాని కింద చిన్న అక్షరాల్లో 100 గ్రాములకి అని ఉంటుంది. ఇటలీలో ఆ వంద గ్రాముల కొలతని ‘ఎత్తో’ అంటారు. వెయిటర్ పళ్ళెంలో ఐసు మీద చేపని తెచ్చి చూపిస్తాడు, మీరు తలూపుతారు. ఆ చేప 800 గ్రాములుంటే బిల్లు 72 యూరోలు. ఆ బరువు తల, ముల్లు, తోకతో సహా వండకముందు తూచింది. ప్లేటులోకి వచ్చే కండ అందులో సగమే ఉండవచ్చు. అందుకని చేప చూపించినప్పుడే తూచమని, మొత్తం ధర కాగితం మీద రాయమని అడగండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు, అక్కడివాళ్ళూ అడుగుతారు. ఇటలీ మెనూలో ధర ఉండాల్సిన చోట ‘ఎస్.క్యు.’ అని ఉంటే, తూకాన్ని బట్టి అని అర్థం. ధర స్థానంలో ‘మార్కెట్ ధర’ అని ఉన్న ఏ వంటకానికైనా ఇదే పద్ధతి.

ఇక అడగకుండా బల్ల మీదికి వచ్చేవి. ఇటలీలో ‘కొపెర్తో’ అని మనిషికింత చొప్పున బల్ల రుసుము వేస్తారు. రొట్టె ముట్టుకోకపోయినా అది తప్పదు, కాని మెనూలో రాసి ఉండాలి. పోర్చుగల్ సంగతి వేరు. అక్కడ ‘కువెర్’ పేరుతో రొట్టె, ఆలివ్‌లు, జున్ను తెచ్చి పెడతారు. అడగనివాటిని మీరు ముట్టుకోకపోతే డబ్బు తీసుకోకూడదు. అక్కర్లేకపోతే వచ్చిన వెంటనే వెనక్కి పంపేయండి. ఒక్క ఆలివ్ నోట్లో వేసుకున్నా లెక్కలోకి వచ్చేస్తుంది. జపాన్‌లో ‘ఇజకాయా’ అనే మద్యం దొరికే భోజనశాలల్లో కూర్చోగానే ‘ఒతోషి’ అనే చిన్న గిన్నె వస్తుంది. అది కూర్చున్నందుకు రుసుము, మనిషికి సాధారణంగా 300 నుంచి 500 యెన్‌లు. ఇటలీలో కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. పేరున్న కూడళ్ళలో ఈ తేడా రెండు మూడు రెట్లు ఉంటుంది.

4. తినకూడనివి ఉన్నవాళ్ళు

‘శాకాహారం’ అన్న మాటని ఒక్కో దేశం ఒక్కోలా అర్థం చేసుకుంటుంది కాబట్టి ఆ ఒక్క మాటతో సరిపెట్టకూడదు. స్పెయిన్‌లో మాంసం వద్దంటే సలాడ్ మీద ట్యూనా చేప వేసి తేవచ్చు. వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. ఏవేవి వద్దో పేరుపేరునా చెప్పాలి: మాంసం, కోడి, చేప, రొయ్య, ఎముకల రసం, జంతు కొవ్వు.

కంటికి కనిపించనివే ఇబ్బంది పెడతాయి. జపాన్ సూప్‌లకీ, పులుసులకీ, ముంచుకునే రసాలకీ మూలమైన ‘దాషి’ని ఎక్కువగా ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో చేస్తారు. పైన తేలేవన్నీ కూరగాయలే అయినా కింది రసం చేపదే. థాయ్ వేపుళ్ళలో ఉప్పుకి బదులు చేప సాస్ పడుతుంది. కొరియా కిమ్చీలో చాలావరకు ఊరబెట్టిన రొయ్య గాని చేప సాస్ గాని ఉంటుంది. మెక్సికోలో మెదిపిన బీన్స్‌ని పంది కొవ్వులో వేయించడం మామూలు. ఫ్రెంచి ఉల్లి సూప్‌కి గొడ్డు మాంసపు రసం వాడతారు. అసలైన పార్మిజానో జున్నుని దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనే విరగ్గొడతారు. ఆ జున్ను నిబంధనల్లో ఇంకో దానికి చోటు లేదు.

కొన్నిచోట్ల వెతకాల్సిన గుర్తు తెలిస్తే చాలు. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని ఉన్న దుకాణంలో మాంసం, గుడ్డు, పాలు, వెల్లుల్లి, ఉల్లి ఏవీ వాడరు. వియత్నాంలో శాకాహారాన్ని ‘చాయ్’ అంటారు. టీ తెస్తారేమోనన్న భయం అక్కర్లేదు, అక్కడ టీకి వేరే మాట ఉంది.

ఎలర్జీ ఉంటే నోటి మాట మీద ఆధారపడవద్దు. ఇలా చేయండి:

- మీకు పడని పదార్థం పేరు, అది దేనిదేనిలో దాక్కుంటుందో, తింటే ఏమవుతుందో అక్కడి భాషలో మూడు వాక్యాల్లో రాయించి ఒక అట్ట మీద, ఒక కాపీ ఫోనులో పెట్టుకోండి. గోధుమ పడనివాళ్ళయితే సోయా సాస్ పేరు కూడా రాయాలి, మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.
- ఆ అట్టని వెయిటర్‌కి చూపించి ఊరుకోకుండా వంటగదిలోకి పంపించమనండి. జవాబు అక్కణ్ణుంచి రావాలి.
- వేయించే నూనె విడిగా ఉందా అని అడగండి. బంగాళదుంప వేపుడులో రొయ్య లేకపోయినా రొయ్యలు వేగిన నూనె ఉండవచ్చు.
- “ఫర్వాలేదు, ఉండదనుకుంటా” అన్న జవాబు వస్తే అక్కడ తినకండి.

యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరం హోటళ్ళు కూడా ఇవ్వాలి. చాలాచోట్ల మెనూలో వంటకం పక్కన చిన్న అంకెలో అక్షరాలో ఉంటాయి, వాటి పట్టిక చివరి పేజీలో చూడండి. అమెరికాలో 9 పదార్థాల పేర్లు తప్పనిసరిగా రాయాలన్న దేశవ్యాప్త చట్టం ప్యాకెట్ ఆహారానికే వర్తిస్తుంది, హోటలు వంటకి కాదు.

5. వేడి సంగతి

సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య హాయిగా పెరుగుతాయి. కొన్నిటి సంఖ్య అనుకూలమైన చోట 20 నిమిషాలకే రెట్టింపవుతుంది. వండిన పదార్థం ఆ మధ్య వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట ఎండ 32 డిగ్రీలు దాటితే గంటకు మించి వద్దు. పెద్ద హోటల్లో గోరువెచ్చని బఫే కంటే రోడ్డు పక్కన మీ కళ్ళముందే పొగలు కక్కుతూ దించిన వేపుడు నయం అనేది ఇందుకే.

బండి దగ్గర ఆర్డరు చెప్పకముందు ఐదు నిమిషాలు నిలబడి చేతుల్ని చూడండి. పుల్లలకి గుచ్చిన మాంసం కాల్చే చోట చాలామంది రద్దీకి ముందే సగం కాల్చి పేర్చి పెట్టుకుంటారు. మీరడగ్గానే పైన కాస్త వేడి చేసి ఇస్తారు. పచ్చి మాంసం తీసిన పటకారుతోనే కాలినదాన్ని తీస్తున్నాడా? పచ్చిదాని మీద సాస్ రాసిన బ్రష్‌నే దించేముందు మళ్ళీ పూస్తున్నాడా? డబ్బు తీసుకున్న చేతే రొట్టె పట్టుకుంటోందా? ఈ మూడిట్లో ఏది కనిపించినా పక్క బండికి వెళ్ళడమే. జనం వరస కట్టిన చోట సరుకు నిలవుండదు కాబట్టి వరస మంచి గుర్తే, కాని చేతుల్ని చూడటం మాత్రం మానకండి.

బాగా వేడి చేయిస్తే పాచిదైనా పర్లేదనుకోవడం పొరపాటు. బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా అన్నంలోనూ, స్టాఫిలోకాకస్ అనేది చెయ్యి తగిలిన మాంసం, క్రీము లాంటి వాటిలోనూ పెరిగి వదిలే విషం మళ్ళీ మరిగించినా పోదు. ట్యూనా, మాకరెల్ లాంటి చేపల్ని ఐసు లేకుండా ఉంచితే హిస్టమిన్ అనే రసాయనం చేరుతుంది. అదీ వంటలో పోదు. అలాంటి ముక్క నాలుక మీద మిరియంలా చురుక్కుమంటే అక్కడే ఆపేయండి. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంటలోపే మొహం ఎర్రబడి తలనొప్పి మొదలవుతుంది. కరీబియన్, పసిఫిక్ దీవుల్లో బారకుడా, పెద్ద గ్రూపర్ లాంటి పగడపు దిబ్బల చేపలతో వచ్చే సిగువాటెరా విషానికైతే రుచీ వాసనా ఉండవు. ఆ చేపల్ని తినకపోవడమొక్కటే మార్గం.

నీటి మీద నమ్మకం లేని చోట కోసి పెట్టిన పండ్లు, పచ్చి ఆకుల సలాడ్ వద్దు. మీరే తొక్క తీసుకునే పండు ఫర్వాలేదు. తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. వాంతులు తెప్పించే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పని చేయదు.

6. నీళ్ళు, ఐసు

సీసా మూత మీ ముందే తీయాలి. మూత తిప్పినప్పుడు వలయం విరిగిన చప్పుడు రాకపోతే మార్చమనండి. అనుమానమున్న చోట గ్యాసు నీళ్ళు తీసుకోవడం మంచి ఉపాయం. సీసాలో మళ్ళీ నింపిన నీటికి బుడగలు ఉండవు. మరిగించుకోవాలంటే తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు ఉంచాలి.

గడ్డకట్టినంత మాత్రాన సూక్ష్మజీవులు చావవు, గ్లాసులో పోసిన మద్యం కూడా వాటిని చంపదు. ఆగ్నేయాసియాలో మధ్యలో బెజ్జం ఉన్న గొట్టం ఐసు ఫ్యాక్టరీలో తయారైనది. పెద్ద దిమ్మ నుంచి చెక్కిన ఐసు కంటే దాని మీద నమ్మకం ఎక్కువ. అయినా దాన్ని చేత్తో తీస్తున్నారా, గరిటెతోనా అన్నది చూడండి.

ఫ్రాన్స్‌లో భోజనం చేసేవాళ్ళకి కుళాయి నీళ్ళు ఉచితం, కాని ‘ఉన్ కరాఫ్ దో’ అని అడగాలి. ఊరికే నీళ్ళు అంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. జర్మనీ, బెల్జియం హోటళ్ళలో మాత్రం కుళాయి నీళ్ళు ఇవ్వడం మామూలు కాదు, సీసా కొనాల్సిందే.

7. మద్యం

గ్లాసుల లెక్క దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో పెద్ద గ్లాసు వైన్ అంటే 250 మిల్లీలీటర్లు. 13 శాతం వైనయితే అందులో 32.5 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. 4 శాతం బీరు ఒక పైంట్‌లో, అంటే 568 మిల్లీలీటర్లలో, ఉండేది సుమారు 23. “ఒక్క గ్లాసు వైనే కదా” అన్న మాట అక్కడ చెల్లదు. కొనడానికి వయసు అమెరికాలో 21, జపాన్‌లో 20. కువైట్‌లో మద్యమే నిషేధం. హంగరీ, చెక్ రిపబ్లిక్‌లలో తాగి బండి నడపడానికి పరిమితి సున్నా.

అసలు ప్రమాదం మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన కల్తీ సరుకు. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో అలాంటి మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. మిథనాల్‌కి వేరే రుచి గాని వాసన గాని తెలియదు. లోపలికి వెళ్ళాక ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఉచితంగా పోసే షాట్లు, బకెట్లో కలిపిన కాక్‌టెయిళ్ళు, లేబుల్ లేని నాటు సారా మానేసి, సీలు మీ ముందే తీసిన బీరు సీసాతో సరిపెట్టుకోండి. మర్నాడు హ్యాంగోవర్‌లా మొదలై, చూపు మంచు కమ్మినట్టు మసకబారినా, ఊపిరి వేగంగా ఆడుతున్నా నిద్రపోతే తగ్గుతుందని ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి మిథనాల్ అనుమానం అని ఆ మాటే చెప్పండి. విరుగుడు ఉంది, కాని ప్రతి గంటా లెక్కే.

8. బిల్లు, టిప్పు, కార్డు

మెనూలో ధరే ఆఖరి ధర కాని దేశాలున్నాయి. సింగపూర్‌లో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే 10 శాతం సర్వీసు చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం పన్ను కలుపుకోవాలి. 20 డాలర్ల వంటకం 23.98 అవుతుంది. న్యూయార్క్‌లో 20 డాలర్లకి 8.875 శాతం పన్ను, 20 శాతం టిప్పు కలిస్తే 25.78. అమెరికాలో టిప్పు మొహమాటానికిచ్చేది కాదు. టిప్పు వచ్చే ఉద్యోగికి అక్కడి కేంద్ర చట్టం ప్రకారం యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకి 2.13 డాలర్లే. మిగతాది టిప్పులతో నిండుతుందన్న లెక్క మీద. ఆరుగురికి పైగా వెళితే చాలాచోట్ల టిప్పుని బిల్లులోనే కలిపేస్తారు, చూసుకోకుండా రెండోసారి ఇవ్వకండి. జపాన్‌లో టిప్పు ఇవ్వరు. బల్ల మీద డబ్బు వదిలేస్తే మర్చిపోయారనుకుని వెనకాలే పరిగెత్తుకొస్తారు.

జర్మనీలో పద్ధతి వేరు, అక్కడ నోటితో చెప్పాలి. బిల్లు 27.60 అయితే 50 నోటు ఇస్తూ “30” అనండి. 20 తిరిగిస్తారు, 2.40 టిప్పు. నోటు చేతిలో పెడుతూ మర్యాదకి ‘డాంకె’ అన్నారో, చిల్లర ఉంచుకోమన్నట్టు అర్థమై 22.40 పోవచ్చు. చిల్లర చేతికొచ్చాకే ధన్యవాదాలు చెప్పండి.

కార్డు మెషీను మీ సొంత దేశపు కరెన్సీలో కట్టమంటారా అని అడిగితే వద్దనండి. అప్పుడు మారకపు రేటు వేసేది మెషీను వెనకున్న కంపెనీ, అందులో దాని లాభం కలిసే ఉంటుంది. ఎప్పుడూ అక్కడి కరెన్సీయే ఎంచుకోండి. వెయిటరే మీ తరఫున మీట నొక్కేస్తే, రసీదులో మీ కరెన్సీ కనిపించిన వెంటనే ఆ చెల్లింపు రద్దు చేసి మళ్ళీ చేయమనండి. సంతకం పెట్టే స్లిప్పు వస్తే టిప్పు గడిని ఖాళీగా వదలకుండా, టిప్పు ఇస్తుంటే అంకె వేసి, లేకపోతే గీత కొట్టి, మొత్తం అంకె రాయండి. తర్వాత స్లిప్పుకీ, బిల్లుకీ ఫోటో తీసుకోండి.

9. కడుపు తిరగబడితే

లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ స్పూను అంచుకి సమంగా కొలిచి, కలిపి కొంచెం కొంచెంగా తాగండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు వెంట ఉండటం మేలు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు కలపమని ఉందో అన్నే కలపాలి. విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్ర జ్వరం గాని రక్తం గాని ఉంటే వేసుకోకూడదు. రక్తం పడినా, జ్వరం తగ్గకపోయినా, తాగిన నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. చిన్నపిల్లల విషయంలో అంతదాకా ఆగనే వద్దు.

డాక్టరు ఏం తిన్నారని అడుగుతారు. అందరూ ఆఖరున తిన్నదాన్నే అనుమానిస్తారు. స్టాఫిలోకాకస్ విషం అరగంట నుంచి ఎనిమిది గంటల్లో బయటపడుతుంది కాని, ప్రయాణికులకి విరేచనాలు తెచ్చే ఈ.కోలై లాంటివి ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటాయి. మూడు రోజుల కిందటి మధ్యాహ్నం ఏ ఊళ్ళో ఏం తిన్నారో జ్వరంలో గుర్తు రాదు. ఫోనులో దాచిన బిల్లు ఫోటోల్లో తేదీ, వేళ, వంటకం పేరు వరసగా ఉంటాయి, అవే చూపించండి.